వంతెన చట్రం మీద నిలిచిన రెక్కలు

ఫ్యాక్టరీలు దాదాపు వదిలేసిన రెండు రెక్కల విమానాన్ని, అంటే బైప్లేన్‌ను, 1950ల నుంచి అమెరికాలో మామూలు మనుషులు తమ కారు షెడ్లలో మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు పాతకాలం మీద మోజు. మోజు లేదని అనను. అయితే కారణం అదొక్కటే అయివుంటే వాళ్ళు పాతవాటిని బాగుచేసుకుని ఊరుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో శిక్షణకు వాడిన స్టియర్‌మన్ బైప్లేన్లు ఆ రోజుల్లో చవగ్గానే దొరికేవి. వాటిని కాదని కొత్త నమూనాలు గీసుకుని, గొట్టాలు అతికి, కర్ర చెక్కి, మొదటి నుంచీ కట్టడానికి ఏళ్ళు ఎందుకు పెట్టారు? తీగలు బిగించి రెక్కలను లెక్కలోకి తెచ్చే పనిని రిగ్గింగ్ అంటారు. ఇంటి దగ్గర కట్టేవాళ్ళు బైప్లేన్‌ను ఎంచుకోవడానికి ఆ పనే ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. మామూలు విమానానికి కచ్చితత్వం రెక్కను తయారు చేసేటప్పుడే రావాలి. బైప్లేన్‌కు అందులో చాలా భాగం రెక్కను బిగించేటప్పుడు తెచ్చుకోవచ్చు. ఉక్కు అచ్చులూ పెద్ద యంత్రాలూ లేనివాడికి ఇది చిన్న వెసులుబాటు కాదు.

బిగించి సరిచేసుకునే ఈ గుణం రెక్కలకు వంతెనల నుంచి వచ్చింది. ఆక్టేవ్ షానూట్ రైల్వే ఇంజనీరు. కాన్సస్ సిటీ దగ్గర మిస్సోరీ నది మీద 1869లో తెరిచిన హానిబల్ వంతెన ఆయన చేతి పని. ఎగరడం మీద మనసుపడి, అరవై దాటాక 1896లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద గ్లైడర్లను పరీక్షించాడు. వాటిలో బాగా ఎగిరినది మూడు రెక్కలతో మొదలైంది. అన్నిటికన్నా కిందిది నేలకు తగులుతోందని తీసేశాక రెండు మిగిలాయి. ఆ రెంటి మధ్య నిలువు కమ్మీలు పెట్టి, మూల నుంచి మూలకు తీగలు లాగాడు. ప్రాట్ తండ్రీకొడుకులు 1844లో పేటెంటు పొందిన వంతెన చట్రమే అది: నిలువు కమ్మీ నొక్కుడును ఆపుతుంది, ఏటవాలు తీగ లాగుడును ఆపుతుంది. సన్నటి కర్ర మీద గుడ్డ చుట్టిన రెక్కకు ఒక పెట్టెకు ఉండే బిగువు వచ్చింది. రైట్ సోదరులు ఈ చట్రాన్నే తీసుకుని, ముందు వరసను గట్టిగా బిగించి, వెనక అంచును మాత్రం మెలితిరిగేలా వదిలారు. విమానాన్ని పక్కలకు ఒరిగించేది ఆ మెలికే. 1903 నాటి విమానంలో ఇంజను పైలట్ కన్నా బరువు కనుక ఆ వైపు రెక్కను 4 అంగుళాలు పొడుగు పెట్టారు. పక్కగాలి దెబ్బ తగ్గడానికి రెక్కల కొసలను కొంచెం కిందికి వంగేలా బిగించారు. ఎగిరే యంత్రం పుట్టిన రోజు నుంచే సగం తీర్పు తీగల చేతిలో ఉందన్నమాట.

ఒంటి వరస రెక్కల విమానాలూ అప్పటికే ఉన్నాయి. 1909లో ఇంగ్లిష్ ఛానల్ దాటిన బ్లేరియో విమానం అలాంటిదే. కానీ 1912లో వరస ప్రమాదాల తర్వాత బ్రిటిష్ సైన్యం తన పైలట్లు వాటిలో ఎగరకూడదంది. నిషేధం నెలల్లో పోయినా భయం మాత్రం ఏళ్ళ తరబడి నిలిచింది, తీగల బైప్లేన్‌దే పైచేయి అయింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో ఇంజను చూసేవాడు ఫిట్టర్, రెక్కలూ తీగలూ చూసేవాడు రిగ్గర్. రిగ్గర్ చేతిలోని సామాను చూస్తే తాపీమేస్త్రీ సంచి గుర్తొస్తుంది: రసమట్టం, దారానికి వేలాడే గుండు, కొలత టేపు. ముందు విమానం ఒడలును ఎత్తు మీద పెట్టి మట్టం చూస్తాడు. పై రెక్క నడిమి ముక్కను నిలబెట్టి, మూల నుంచి మూలకు కొలతలు రెండు వైపులా ఒకటయ్యేదాకా తీగలు సర్దుతాడు. ఇక్కడ వచ్చిన తప్పు కొసల దగ్గర ఎన్నో రెట్లవుతుంది. ఆ తర్వాత బయటి రెక్కలు. నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువు మోసే ల్యాండింగ్ వైర్లతో కొసలు ఎంత పైకి లేవాలో తేలుస్తాడు. గుండు వేలాడదీసి, పై రెక్క కింది రెక్క కన్నా ఎంత ముందుకుందో చూస్తాడు. ముందు, వెనక నిలువు కమ్మీల (స్ట్రట్ల) మధ్య అడ్డతీగలతో రెక్క గాలికి ఎదురొగ్గే కోణాన్ని, అంటే ఇన్సిడెన్స్‌ను, సరిచేస్తాడు. గాల్లో బరువంతా మోసే ఫ్లయింగ్ వైర్ల చివరి బిగింపు ఆఖర్న. ప్రొపెల్లర్ తిరుగుడుకు విమానం ఒక పక్కకు ఒరుగుతుంది కనుక ఒరిగే వైపు రెక్కకు కోణం ఒక పిసరు పెంచేవారు. నులక మంచం బిగించినట్టే, ఒక తీగ పట్టిస్తే ఇంకోటి సడలుతుంది. అందుకే రిగ్గర్ ఒకసారి కొలిచి వదలడు. మొదటికొచ్చి మళ్ళీ కొలుస్తాడు.

ఇంత మంచి ఏర్పాటు అయితే ఫ్యాక్టరీలు దాన్ని ఎందుకు వదిలాయి? మొదటి కారణం గాలి. గుండ్రటి తీగ దాని మందానికి మించి గాలిని అడ్డుకుంటుంది. దీన్ని తగ్గించడానికి ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ చేప ఒంటిలాంటి కోతతో ఉక్కు తీగలను తయారు చేసింది. ఒక కొసకు కుడి మర, రెండో కొసకు ఎడమ మర. తీగను తిప్పితే రెండు వైపులా ఒకేసారి బిగుస్తుంది. రెండో కారణం మనుషులు. ఒక మొరటు ల్యాండింగ్, కొన్నాళ్ళ తడి చాలు, కర్ర కదిలి కొలతలు మారడానికి. ప్రతి విమానం వెనకా చేయి తిరిగిన ఒక మనిషి ఉండాల్సిందే. 1915లో జర్మనీలో యుంకర్స్ బయటి తీగలే లేని లోహపు విమానాన్ని ఎగరేశాడు. ఫొకర్ డి-7 అయితే బైప్లేన్‌గానే ఉంటూ రెక్కల మధ్య తీగలను వదిలేసింది. 1918 యుద్ధ విరమణ ఒప్పందంలో పేరుపెట్టి అప్పగించమన్న విమానం అదే. తీగల బైప్లేన్ ఆ తర్వాత శిక్షణ పాఠశాలల్లో చాలాకాలం బతికింది. 1931లో వచ్చిన టైగర్ మాత్ దానికి పెద్ద ఉదాహరణ. రెండో యుద్ధ కాలంలో బేగంపేటలో పైలట్లు ఓనమాలు దిద్దింది దాని మీదే. ముందు సీట్లోని మనిషి పారాచూట్‌తో దూకడానికి అడ్డొస్తోందని దాని పై రెక్కను ముందుకు జరిపారు. దాంతో సమతూకం చెడకుండా రెక్కలను వెనక్కి వాల్చారు.

సైన్యానికి, కంపెనీకి ఖర్చుగా కనబడిన, తీగలు సర్దే ఆ శ్రమే ఇంట్లో కట్టేవాడి దగ్గర ఊరికే ఉన్న వస్తువు. 1952లో అమెరికా ప్రభుత్వం సొంతంగా కట్టుకునే విమానాలకు నిబంధనల్లో చోటిచ్చింది. మరుసటి ఏడు మిల్వాకీలో పాల్ పొబెరెజ్నీ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. ఆ సంఘం పేరుతోనే 1960లో ఒక బైప్లేన్ ఎగిరింది. 1970లో డెన్వర్‌లో లామార్ స్టీన్ అనే హైస్కూలు ఉపాధ్యాయుడి స్కైబోల్ట్ ఎగిరింది. అది విద్యార్థులతో కలిసి కట్టిన బైప్లేన్. తరగతి గదిలో ఉక్కు గొట్టాలు అతికితే వేడికి అవి కొంచెమైనా వంకర పోకుండా ఉండవు. తీగల సాయం లేని రెక్కకైతే ఒడలుకు కలిసే మొదలు దగ్గరి రంధ్రాలు ఎక్కడ పడితే కోణం అక్కడే ఖాయం. బైప్లేన్‌లో మరకు ఇంకా రెండు చుట్లు మిగిలే ఉంటాయి. మొదటిసారి ఎగిరి, ఎడమ రెక్క బరువుగా ఉందని తేలితే కిందికి దిగి రెంచి పట్టుకుంటే సరిపోతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు బలంగా వస్తాయి. మొదటిది, బైప్లేన్‌ను కోరింది గాలిలో గిరికీలకేనని. కర్టిస్ పిట్స్ 1940లలో చేసిన పిట్స్ స్పెషల్ రెక్కల నిడివి 17 అడుగుల చిల్లర. పొట్టి రెక్క కనుక గిర్రున తిరుగుతుంది. నిజమే. కానీ నిదానంగా సాయంత్రాలు ఎగరడానికి ఎంచుకునే స్టార్‌డస్టర్ వంటి బైప్లేన్లను ఇది వివరించదు. పిట్స్ పొట్టి రెక్క అంత తేలికగా ఉండి కూడా విరగకపోవడం ఆ చట్రం చలవే. రెండోది ఇంకా గట్టిది: తీగలు తప్పును దిద్దవు, దాస్తాయి. రెక్క మొదలు దగ్గర ఫిట్టింగు వంకరగా అతికితే కొస దగ్గర ఎంత లాగినా రెక్క సరికాదు, లోపలి దూలానికి మెలిక పడుతుంది. దీన్ని ఒప్పుకోక తప్పదు. రిగ్గింగ్ మిల్లీమీటర్లను క్షమిస్తుంది, అంతకు మించి కాదు. రెక్క లోపలి తీగలను గుడ్డ చుట్టక ముందే మూలమట్టానికి తెచ్చుకోనివాడికి బయటి తీగలు ఏమీ చేయలేవు.

లెక్కలు చూస్తే ఇంటి విమానాల్లో గెలిచింది ఒంటి వరస రెక్కే. ఆరిగన్ రాష్ట్రంలోని వాన్స్ కంపెనీ కిట్లతో కట్టిన విమానాలు 10,000కు పైగా ఎగిరాయి. ఏ ఇంటి బైప్లేనూ ఆ దరిదాపుల్లో లేదు. ఇది నా వాదనకు ఎదురులా కనబడినా నాకది సాక్ష్యంగానే తోస్తుంది. కంప్యూటర్ యంత్రం ముందే వేసిన రంధ్రాలతో రేకులు పెట్టెలో ఇంటికి వచ్చినప్పుడు కచ్చితత్వాన్ని కూడా కొనుక్కున్నట్టే. ఇక తీగల అవసరం ఏముంది? నమూనా కాగితాలు తప్ప మరేమీ అమ్మని రోజుల్లో మాత్రం ఆ వీలు లేదు. స్కాట్లాండ్‌లోని మసెల్‌బరాలో బ్రంటన్స్ కంపెనీ ఇప్పటికీ ఆ చేప ఒంటి తీగలను తయారు చేస్తోంది. మర సర్దుబాటుకు ఉన్న చోటు కొద్దే కనుక, ఒకే నమూనాతో కట్టిన రెండు విమానాలకు కూడా పొడవులు తేడా రావచ్చు కనుక, అనుభవం ఉన్నవాళ్ళు కాగితం మీది అంకెను నమ్మరు. మామూలు తీగలతో రెక్కలను ఒకసారి నిలబెట్టి, కొలిచి, ఆ తర్వాతే ఆర్డరు పంపుతారు.