విడిపోవాలంటే ఓటేస్తే చాలా? క్యూబెక్, స్కాట్లాండ్, కేటలోనియా ఏం చెబుతున్నాయి?

ఓ ప్రాంతం దేశం నుంచి విడిపోవాలంటే ఏం చేయాలి? రెఫరెండం పెట్టి, సగానికి మించి ఓట్లు తెచ్చుకుంటే సరిపోతుందా? వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. కానీ కెనడాలోని క్యూబెక్ 54 వేల ఓట్ల తేడాతో ఆగిపోయింది. బ్రిటన్‌లోని స్కాట్లాండ్‌లో ఓటింగ్ ప్రశాంతంగా ముగిసింది. స్పెయిన్‌లోని కేటలోనియాలో మాత్రం ఓటు పెట్టిన నాయకులు జైలుకెళ్లారు. మూడు చోట్లా డిమాండ్ ఒక్కటే అయినా ముగింపు మాత్రం వేరు. ఎందుకో చూద్దాం.

ఒకే దేశం.. ఒకటికి మించి జాతులు

ఇక్కడ జాతి అంటే రంగు, రక్తం కాదు. 'తెలుగు జాతి' అన్నప్పుడు మనం ఏ అర్థంలో అంటామో అదే. ఒక భాష, ఒక చరిత్ర, మనమంతా ఒకటి అనే భావన. ఇలాంటి జాతులు ఒకటికి మించి ఉన్న దేశాలను బహుజాతి దేశాలు అంటున్నారు. కెనడా, బ్రిటన్, స్పెయిన్ ఈ కోవలోకే వస్తాయి.

అందరినీ ఒకే గొడుగు కింద ఉంచడానికి ఈ దేశాలు ఎంచుకున్న దారి అధికారాలు పంచుకోవడం. క్యూబెక్‌కు సొంత సివిల్ కోడ్ ఉంది. సొంత పెన్షన్ ప్లాన్ ఉంది. ఆదాయపు పన్ను కూడా సొంతంగా వసూలు చేసుకుంటుంది. 1977లో తెచ్చిన భాషా చట్టంతో ఫ్రెంచ్‌కు గట్టి రక్షణ కల్పించుకుంది. స్కాట్లాండ్ 1707లో ఇంగ్లండ్‌తో కలిసినా న్యాయ వ్యవస్థ, విద్యా వ్యవస్థ విడిగానే కొనసాగాయి. 1999 నుంచి సొంత పార్లమెంట్ కూడా నడుస్తోంది. కేటలోనియాకు సొంత పోలీసులు, సొంత పార్లమెంట్ ఉన్నాయి. అయితే బాస్క్ ప్రాంతంలా పన్నులు తామే వసూలు చేసుకుని, కేంద్రానికి వాటా కట్టే వెసులుబాటు మాత్రం లేదు. కేటలాన్ల అసంతృప్తికి ఇదో పెద్ద కారణం.

మంట రాజుకున్నది ఎక్కడ?

ఇన్ని అధికారాలు ఉన్నా విడిపోతామన్న మాట ఎందుకొచ్చింది? క్యూబెక్, కేటలోనియా రెండు చోట్లా ఒకే విషయం కనిపిస్తుంది. కుదిరిన ఒప్పందం చెడిపోయినప్పుడే ఉద్యమం ఒక్కసారిగా ఎగసింది.

క్యూబెక్‌లో తొలి రెఫరెండం 1980లో జరిగింది. ముఖ్యమంత్రి స్థానంలో ఉన్న రెనే లెవెక్ ముందుండి నడిపించినా దాదాపు 60 శాతం మంది 'నో' అన్నారు. అంతటితో కథ అయిపోవాల్సింది. కానీ 1982లో క్యూబెక్ ఒప్పుకోకుండానే కెనడాకు కొత్త రాజ్యాంగ చట్టం వచ్చింది. ఆ గాయం మాన్పడానికి 1987లో మీచ్ లేక్ ఒప్పందం చేశారు. క్యూబెక్‌ను 'విశిష్ట సమాజం'గా గుర్తిస్తామన్నది అందులో కీలకం. దీనికి అన్ని ప్రావిన్సులూ ఆమోదం తెలపాలి, అదీ మూడేళ్లలో. మానిటోబా, న్యూఫౌండ్‌లాండ్ చట్టసభల ఆమోదం దక్కక 1990 జూన్‌లో అది చెల్లకుండా పోయింది. ఆ తర్వాత ఐదేళ్లకే క్యూబెక్ రెండోసారి ఓటుకు వెళ్లింది.

కేటలోనియాలో కూడా దాదాపు ఇదే కథ. స్వయంప్రతిపత్తి పెంచుతూ 2006లో కొత్త చట్టం తెచ్చారు. స్పెయిన్ పార్లమెంట్ ఆమోదించింది. కేటలాన్లు రెఫరెండంలో దాదాపు 74 శాతంతో ఓకే చేశారు. నాలుగేళ్ల తర్వాత, 2010 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం అందులో 14 ఆర్టికల్స్‌ను పూర్తిగానో, కొంతవరకో కొట్టేసింది. కొద్ది రోజులకే బార్సిలోనా వీధులు జనంతో నిండిపోయాయి. అప్పటిదాకా ఎక్కువ అధికారాలు చాలన్న చాలామంది అక్కడి నుంచే ప్రత్యేక దేశం వైపు మళ్లారు.

మూడు రెఫరెండంలు.. ఒక్క చూపులో

• క్యూబెక్, 1995 అక్టోబర్ 30: 'నో' 50.58 శాతం, 'యెస్' 49.42 శాతం. పోలింగ్ 93 శాతానికి పైగా.
• స్కాట్లాండ్, 2014 సెప్టెంబర్ 18: 'నో' 55.3 శాతం, 'యెస్' 44.7 శాతం. పోలింగ్ 84.6 శాతం.
• కేటలోనియా, 2017 అక్టోబర్ 1: 'యెస్' దాదాపు 90 శాతం. పోలింగ్ 43 శాతమే.

అంకెలు మాత్రమే చూస్తే కేటలోనియాదే ఘన విజయం. కానీ అసలు విషయం పోలింగ్ శాతంలో ఉంది. ఆ ఓటింగ్‌ను కోర్టు ముందే ఆపేసింది. విడిపోవద్దనుకున్న వాళ్లలో ఎక్కువ మంది బూత్‌కే రాలేదు. వాళ్ల దృష్టిలో అది అసలు ఎన్నికే కాదు.

క్యూబెక్: చెల్లని ఓట్లే ఎక్కువ

1995లో తేడా 54,288 ఓట్లు. చెల్లని ఓట్లు 86 వేలకు పైగా. అంటే గెలుపోటముల తేడా కంటే పక్కన పడేసిన బ్యాలెట్లే ఎక్కువ. పైగా ప్రశ్న మీద కూడా పెద్ద రచ్చ. నేరుగా 'విడిపోదామా' అని అడగలేదు. కెనడాతో కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం కోసం ప్రతిపాదన పెట్టాక సార్వభౌమ దేశం కావాలా అంటూ, ఒక బిల్లును, ఒక ఒప్పందాన్ని ప్రస్తావిస్తూ పొడవాటి ప్రశ్న పెట్టారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్యూబెక్ ఉత్తరాన ఉండే క్రీ ఆదివాసీలు అంతకు కొన్ని రోజుల ముందే సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నారు. తమ సమ్మతి లేకుండా తమను, తమ భూములను కెనడా నుంచి విడదీయొద్దని 96 శాతం మంది తేల్చి చెప్పారు. కెనడాను విడదీయొచ్చంటే క్యూబెక్‌ను మాత్రం ఎందుకు విడదీయకూడదు? ఈ ప్రశ్నకు ఉద్యమ నేతల దగ్గర తేలికైన జవాబు లేకపోయింది.

సుప్రీంకోర్టు చెప్పిన మధ్యే మార్గం

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డ కెనడా ప్రభుత్వం సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగింది. 1998 ఆగస్టు 20న కోర్టు చెప్పిన మాట ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతోంది. అందులో రెండు ముక్కలున్నాయి.

ఒకటి, ఏకపక్షంగా విడిపోయే హక్కు క్యూబెక్‌కు లేదు. కెనడా రాజ్యాంగం ప్రకారమూ లేదు, అంతర్జాతీయ చట్టం ప్రకారమూ లేదు. వలస పాలనలోనో, పరాయి అణచివేతలోనో ఉన్న ప్రజల పరిస్థితి క్యూబెక్‌ది కాదు.

రెండు, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా చెవులు మూసుకుని కూర్చోవడానికి వీల్లేదు. చర్చలకు రావాల్సిందే.

అంటే తలుపు తీసి లేదు, అలాగని తాళమూ పడలేదు. ఆ తర్వాత 2000లో కెనడా పార్లమెంట్ క్లారిటీ యాక్ట్ తెచ్చింది. ప్రశ్న స్పష్టంగా ఉందా, మెజారిటీ చాలినంత ఉందా అన్నది తేల్చేది దిగువ సభ. ఆస్తులు, అప్పులు, సరిహద్దులు, ఆదివాసీలు, మైనారిటీల హక్కులు తేలాకే రాజ్యాంగ సవరణ. 'స్పష్టమైన మెజారిటీ' అంటే ఎంత శాతమో మాత్రం చట్టంలో రాయలేదు. క్యూబెక్ తన వంతుగా సొంత చట్టం తెచ్చి 50 శాతం ప్లస్ ఒక్క ఓటు చాలంది. ఈ పేచీ ఇంకా అలాగే ఉంది.

స్కాట్లాండ్: ముందు సంతకం, తర్వాత ఓటు

స్కాట్లాండ్‌లో రూల్స్ ముందే రాసుకున్నారు. 2012 అక్టోబర్‌లో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్, స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సాల్మండ్ ఎడిన్‌బరోలో ఒప్పందంపై సంతకాలు చేశారు. ఓటు పెట్టే అధికారాన్ని లండన్ తాత్కాలికంగా స్కాట్లాండ్ పార్లమెంట్‌కు ఇచ్చింది. ప్రశ్న ఒక్క లైనే, స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా వద్దా అని. 16, 17 ఏళ్ల వాళ్లకూ ఓటు ఇచ్చారు. ఓడిపోగానే సాల్మండ్ ఫలితాన్ని అంగీకరించి, రాజీనామా ప్రకటించారు. ఎవరి మీదా కేసు పడలేదు.

అలాగని అక్కడా కథ పూర్తిగా ముగియలేదు. 2016లో బ్రెగ్జిట్ ఓటు వచ్చింది. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉందామన్నారు. అయినా బయటకు రావాల్సి వచ్చింది. దాంతో మళ్లీ రెఫరెండం కావాలన్నారు. లండన్ ఒప్పుకోకుండా స్కాట్లాండ్ పార్లమెంట్ సొంతంగా ఓటు పెట్టలేదని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

కేటలోనియా: ఒప్పందం లేని ఓటు

స్పెయిన్ 1978 రాజ్యాంగంలోని రెండో ఆర్టికల్ దేశ ఐక్యతను విడదీయరానిదిగా చెబుతుంది. జాతులకు, ప్రాంతాలకు స్వయంప్రతిపత్తి హక్కు ఉందని కూడా అదే ఆర్టికల్ చెబుతుంది. మాడ్రిడ్ మొదటి మాట పట్టుకుంది. బార్సిలోనా ఒంటరిగా ముందుకెళ్లింది. పోలింగ్ రోజు పోలీసులు బూత్‌లలోకి చొరబడ్డారు. వందల మంది గాయపడ్డారని కేటలాన్ ప్రభుత్వం ప్రకటించింది. అక్టోబర్ 27న కేటలాన్ పార్లమెంట్ స్వాతంత్ర్యం ప్రకటించింది. అదే రోజు స్పెయిన్ 155వ ఆర్టికల్ ప్రయోగించి పాలనను చేతుల్లోకి తీసుకుంది. ఏ దేశమూ గుర్తించలేదు. కేటలాన్ నేత కార్లెస్ పుజ్‌డెమోన్ బెల్జియం వెళ్లిపోయారు. 2019లో తొమ్మిది మంది నేతలకు 9 నుంచి 13 ఏళ్ల జైలు శిక్ష పడింది.

చివరికి వేడి తగ్గించింది జైలు కాదు, రాజీనే. 2021లో క్షమాభిక్ష, 2024లో ఆమ్నెస్టీ చట్టం వచ్చాయి. 2024 మే ఎన్నికల్లో స్వతంత్రవాద పార్టీలు కేటలాన్ పార్లమెంట్‌లో మెజారిటీ కోల్పోయాయి.

ఎంత శాతం వస్తే చాలు?

దీనికి ప్రపంచంలో ఒకే లెక్క లేదు. 2006లో మాంటెనిగ్రోకు యూరోపియన్ యూనియన్ 55 శాతం గీత గీసింది. 55.5 శాతం వచ్చింది, సెర్బియా నుంచి విడిపోయింది. కరీబియన్‌లోని నెవిస్ దీవిలో 1998లో దాదాపు 62 శాతం 'యెస్' అన్నా విడిపోలేదు. అక్కడి రాజ్యాంగం మూడింట రెండొంతులు అడుగుతుంది మరి. గీత ఎక్కడన్నది ముందే తెలుసు కాబట్టి రెండు చోట్లా ఫలితం నిలబడింది.

మరి మన దగ్గర?

తెలంగాణ ఉద్యమాన్ని వీటితో పోల్చేవాళ్లు ఉంటారు. కానీ ప్రత్యేక రాష్ట్రం వేరు, ప్రత్యేక దేశం వేరు. రాజ్యాంగంలోని మూడో ఆర్టికల్ ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంట్‌ది. రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, కానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా పార్లమెంట్ పాస్ చేసింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. దేశం నుంచి విడిపోయే హక్కు మాత్రం ఏ రాష్ట్రానికీ లేదని అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో స్పష్టం చేశారు.

మొత్తానికి ఈ మూడు అనుభవాలు చెప్పేది ఒక్కటే. ఓటు కంటే ముందు ఒప్పందం ఉండాలి. ప్రశ్న ఏంటి, ఎంత మెజారిటీ కావాలి, ఎవరికి ఓటుంది అన్నవి ఇరువైపులా ముందే ఒప్పుకుంటే, ఓడినవాళ్లు కూడా ఫలితాన్ని ఒప్పుకుంటారు. ఇచ్చిన మాట మధ్యలో తప్పితే మాత్రం, చల్లారిందనుకున్న ఉద్యమం కూడా మళ్లీ రాజుకుంటుంది.