చదరంగం పద్యం, ఇరవై అంకెలు

పోయిన నెల ఆఫీసులో ఒక లాగ్ ఫైలు తిరగేస్తుంటే 18446744073709551615 అని కనిపించింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది పాత చుట్టమే. మైనస్ సంఖ్యలకి చోటు లేని 64 బిట్ల పెట్టెలో ఎవరైనా -1 కుక్కితే ఇలా బయటికొస్తుంది. బగ్గు సరిచేసేశాను గానీ, ఈ సంఖ్య నాకు పరిచయమైంది ఇంజనీరింగులో కాదు, కంచికచర్లలో మా తాతయ్య అరుగు మీద.

చదరంగం కథ తెలిసిందే కదా. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత 2, ఆ తర్వాత 4... 64 గళ్ళూ నిండేలోపే రాజుగారి గాదెలు ఖాళీ. మొత్తం గింజలు సరిగ్గా పై సంఖ్యే. గడికో బిట్టు అనుకోండి, 64 బిట్లూ 1 అయితే వచ్చేదీ అదే. గింజ 25 మిల్లీగ్రాములైతే 46 వేల కోట్ల టన్నులు! అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలోనే ఈ లెక్కని ఆఖరి అంకె దాకా తేల్చాడు.

ఆరో తరగతిలో నేనూ కాలిక్యులేటర్ మీద నొక్కాను. 1.844674407 చూపించి, పక్కన 19 వేసి ఊరుకుంది. "మిగతా పది అంకెలు ఏవిరా?" అన్నాడు తాతయ్య. ఆయన దగ్గర ఇరవై అంకెలూ ఉన్నాయి, ఒక చంపకమాలలో.

ఆ పద్యం భూతసంఖ్యల్లో ఉంటుంది. చంద్రుడంటే 1, వేదాలు 4, బాణాలు 5, దిగ్గజాలు 8, ఆకాశం సున్నా. చదవడం ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది, అంటే మన ఇంటెల్ ప్రాసెసర్ల లాగా లిటిల్ ఎండియన్ అన్నమాట. లెక్కల్ని పద్యం చెయ్యడం మనవాళ్ళకి కొత్తేం కాదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పద్యమెందుకు, అంకెలే రాసుకోవచ్చుగా అని ఒకప్పుడు నేనూ వెక్కిరించాను. తాటాకు మీద ఒక అంకె జారిపోతే పట్టుకునేదెవరు? పద్యంలో ఒక మాట జారితే గణం తప్పుతుంది, యతి తప్పుతుంది, చెవికే తెలిసిపోతుంది. మేం చెక్‌సమ్ అనేది ఇంచుమించు ఇదే. (ఎక్సెల్ ఈ రోజుకీ 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేసి చేతులు దులుపుకుంటుంది.)

ఈ సంఖ్యని విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. వీటిలో 641 గడుసుది. 2 టు ది పవర్ 32కి 1 కలిపితే వచ్చేది ప్రధానసంఖ్యే అని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. ఆ 641 మన గింజల్లోనూ దాక్కునుంది.

తాతయ్య ఇప్పుడు లేడు. పద్యం నాకు మొదటి పాదమే గుర్తుంది. పోనీ సంఖ్య ఉందిగా, వెనక్కి కట్టేద్దామా అంటే కుదరదు. 5కి శరమా, సాయకమా, బాణమా? పద్యం నుంచి సంఖ్యకి దారుంది, సంఖ్య నుంచి పద్యానికి లేదు. అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ చెప్తుంటే లాగ్ ఫైలు ముందు పెట్టుకుని రాసుకున్నా. పందొమ్మిదే వచ్చాయి.

"ఉండు, ఎక్కడో గణం పోయింది" అని అమ్మే ఆగింది. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. ఈసారి ఇరవై.