అంకవన్నె కథ

మానవ దేహంలోని ఎముకలన్నింటిలోను మిక్కిలి చిన్నది చెవిలో ఉన్నది. దాని ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు. గుఱ్ఱపు జీనునుండి వ్రేలాడే అంకవన్నెను పోలి ఉండడంచేత దానికి ఆ పేరే వచ్చినది. కర్ణభేరికి అంటుకొని కూటకము, దానిని ఆనుకొని దాగలి, చివర అంకవన్నె. ఈ మూడింటి గొలుసే ధ్వనికి వంతెన. గాలిలోని ధ్వని నేరుగా లోపలి చెవిలోని ద్రవాన్ని తాకితే చాలవరకు వెనుకకు మరలిపోతుంది. కర్ణభేరి విశాలము, అంకవన్నె పాదము చిన్నది. కనుక ఈ గొలుసు ధ్వని ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచి లోనికి అందిస్తుంది.

తెగిన చెవితమ్మెను అతికే పద్ధతులు పదిహేనింటిని సుశ్రుతుడు ఏనాడో వివరించినాడు. కాని కర్ణభేరికి ఆవలి గదిలోనికి శస్త్రం పోవడానికి చాలా కాలం పట్టినది. కొందరిలో అంకవన్నె చుట్టూ క్రొత్త ఎముక పెరిగి దానిని బిగించివేస్తుంది. 1870ల దశకంలో యోహానెస్ కెసెల్ అనే వైద్యుడు దానిని కదిలించడానికి సాహసించినాడు. అప్పటికి చీమును అణచే మందులు లేవు. శస్త్రచికిత్సకు తోడ్పడే సూక్ష్మదర్శినియూ లేదు. 1900లో పారిస్ వైద్య మహాసభలో పెద్దలు ఈ చికిత్స నిరర్థకమనీ, అపాయకరమనీ ఖండించారు. నాటి స్థితిలో ఆ తీర్పు అన్యాయం కాదు. కాని స్థితిగతులు మారిన తరువాత కూడ తీర్పు చాలాకాలం మారలేదు. 1938లో న్యూయార్కులో లెంపర్ట్ సైతం అంకవన్నెను ముట్టక, ప్రక్కన వేరొక కిటికీ తెరచినాడు.

1952లో అదే నగరంలో శామ్యూల్ రోజెన్, అట్టి శస్త్రచికిత్సకు ముందు అంకవన్నె నిజముగా బిగిసినదా అని తాకి చూచినాడు. అది కదలినది. మెలకువతోనే ఉన్న రోగికి ఆ క్షణాన వినబడినది! 1956 మే 1న మెంఫిస్‌లో జాన్ షే బిగిసిన అంకవన్నెను తీసివేసి, దాని స్థానంలో టెఫ్లాన్‌తో చేసిన కృత్రిమాస్థిని నిలిపినాడు. చీముపట్టి గొలుసు తెగిన చెవులకు జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్‌లు మార్గం చూపగా, రోగి సొంత ఎముకనే తిరిగి అమర్చవచ్చునని 1957లో స్వీడన్‌లో హాల్, రిట్జ్నర్‌లు నిరూపించారు. నేడు ఆ పనికి టైటేనియం కూడ వాడుతున్నారు.

రోజెన్‌కు దొరికినది యాదృచ్ఛికమే కావచ్చును. అయితే రోగి మాటను పెద్దల తీర్పుకంటె మిన్నగా ఎంచడం యాదృచ్ఛికం కాదు. చెవిని బాగుచేయబూనిన శాస్త్రం మొదట తానే చెవియొగ్గి వినవలసివచ్చినది.