నీటి విషమునకు చేప సాక్ష్యము

1986వ సంవత్సరమున, వేసవి వెళ్లుచున్న దినములలో, నేను తెలుగు పండితుడనై యున్న పల్లెయందు ఒకనాటి ఉదయమున చెఱువులోని చేపలు వెల్లకిల తేలినవి. బడికి వచ్చు పిల్లలు పుస్తకముల సంచులు గట్టుపై పడవైచి చూచుచు నిలిచిరి. నేనును పోయి చూచితిని. బొచ్చెలు, శీలావతులు తెల్లని పొట్టలు పైకి పెట్టి గట్టువారగా చేరియుండెను. చెఱువు పాట పాడినవాడు తలపై చేతులు పెట్టుకొని కూలబడెను. అంతకు రెండు దినముల ముందే చెఱువు పైతట్టున ఒక రైతు ప్రత్తిచేనికి మందు కొట్టియుండెను. మధ్యాహ్నమునకు రచ్చబండకడ పెద్దలు చేరిరి.

“మందు డబ్బాలు చెఱువులో కడిగితివా లేదా, నిజము చెప్పుము” అని వారడిగిరి. “బాబాయీ, నా బిడ్డల తోడు, కడిగినది మా బావికడ. నేను చెఱువు మొగము చూడలేదు” అని అతడు మొఱపెట్టుకొనెను. ఒక వృద్ధుడు మాత్రము, మబ్బు పట్టి గాలి లేని రాత్రులలో చేపలు ఇట్లే చచ్చుట తాను మునుపు చూచితిననెను. ఆయన మాట ఎవరును చెవిని పెట్టలేదు. అపరాధము విధింపలేదు గాని ఊరు ఆ రైతుతో మాటలు తగ్గించినది. అతని కూతురి పెండ్లికి పాటదారు ఇంటివారు పోలేదు.

“పంతులుగారూ, చదువుకొన్నవారు, మీరేమందురు?” అని నన్నును అడిగిరి. తర్కము కొంత చదివినవాడను గనుక ఆలోచించితిని. పొగను జూచి నిప్పు కలదనుట చెల్లును, ఏలన నిప్పు లేక పొగ లేదు. చచ్చిన చేపను జూచి విషము కలదనుట చెల్లదు, ఏలన విషము లేకయు చేప చచ్చును. ఇట్టి హేతువును మన శాస్త్రకారులు అనైకాంతికమందురు. కావున నాకు తెలియదని చెప్పితిని. అది నిజమే గాని ఎవరికిని ఉపయోగింపని నిజము. చేపనే సాక్షిగా నిలిపి నీటిని విచారించు పద్ధతి యొకటి కలదనియు, దానికి నూఱేండ్లకు మించిన చరిత్ర కలదనియు నేను చాల కాలము తరువాత చదివి తెలిసికొంటిని. శ్రోతలారా, ఆ చరిత్రనే నేడు తమకు విన్నవింపబోవుచున్నాను.

ప్రాణిని జూచి విషము కనుగొనుట మనకు క్రొత్త గాదు. రాజు భుజించు అన్నమును ముందు అగ్నికిని పక్షులకును వేయవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమున కలదు. విషము దాపున క్రౌంచపక్షి మత్తిల్లుననియు, కోకిల చచ్చుననియు, చకోరము కన్నుల రంగు మాఱుననియు ఆయన చెప్పెను. అయితే ఆ పరీక్ష విషము కలదో లేదో చెప్పునే గాని యెంత కలదో చెప్పదు. ఆ యెంత అను ప్రశ్న మన పల్లెలలో చేపలు పట్టువారికే ముందు తట్టినదని నా యూహ. మంగకాయలు దంచి మడుగులో వేసి చేపలను తేల్చువారు, మడుగు పెద్దదైనచో కాయలెక్కువ వేయవలెనని ఏ పుస్తకమును చదువకయే ఎఱుగుదురు.

ఈ యెఱుక లెక్కలోనికి వచ్చిన కథకు వేల్స్ దేశము పోవలెను. అచ్చట కార్డిగన్‌షైర్ అను సీమలో ఇస్టుయిత్, రైడోల్ అను రెండు ఏఱులు అబెరిస్టుయిత్ పట్టణముకడ సముద్రమున కలియును. వాని యొడ్డుల సీసపు గనులు త్రవ్విరి. గనులు మూతపడిన తరువాతను, త్రవ్విపోసిన రాళ్లగుట్టలు అట్లే నిలిచి, వానల కెల్ల నీటిలో సీసమును విడుచుచుండెను. ఏఱులు చూచుటకు తేటగా నుండెను గాని వానిలో చేప బ్రతుకదయ్యెను. క్యాథ్లీన్ కార్పెంటర్ అను విదుషీమణి 1920 తరువాతి దశకమున ఆ యేఱుల వెంబడి తిరిగి, ఎచ్చట ఏ పురుగులు కలవో, ఏవి లేవో వ్రాసికొనెను. పిమ్మట చిన్న చేపలను గాజుపాత్రలలో నుంచి, సీసము, తుత్తునాగము, రాగి మొదలగు లోహముల లవణములను వేర్వేఱు పాళ్లలో కలిపి, ఏ పాళమునందు ఎంతసేపటికి చచ్చునో గడియారము పట్టి చూచెను. 1927లో ఆమె ప్రకటించిన ఫలితము విచిత్రమైనది. చేప మొప్పలపై సహజముగా నుండు జిగురుతో లోహము కలిసి పొరగట్టును. ఆ పొరవలన మొప్పలు పని చేయక చేప ఊపిరాడక చచ్చును. అనగా నీటిలో నుండియే అది ఉక్కిరిబిక్కిరి యగుచున్నది. మనుష్యుని ముక్కును నోటిని తడిమట్టితో మెత్తిన యెట్లుండునో అట్లన్నమాట. విషమనగా కడుపులోనికి పోవునదే యని తలచియున్న నాకు ఇది చదివినపుడు కలిగిన ఆశ్చర్యము నేటికిని తీఱలేదు.

అమెరికాలో ఎడ్విన్ పవర్స్ అనునతడు అంతకు ముందే, 1917లో, బంగారు చేపను విషపరీక్షకు యోగ్యమైన ప్రాణిగా నిర్ణయించి గ్రంథము వ్రాసియుండెను. అయినను ఒక చిక్కు మిగిలినది. ఒకే పాత్రలోని పది చేపలు ఒకే గడియలో చావవు. మొదట చచ్చినదానిని ప్రమాణముగా గొనవలెనా, కడపట చచ్చినదానినా?

దీనికి సమాధానము చెప్పినవాడు ట్రెవాన్ అను ఆంగ్లేయుడు. అతని వ్యాసము 1927 నాటిది. అతడు చేపలకొఱకు గాక, ఔషధముల బలమును సరిచూచుటకొఱకు ఈ విచారము చేసెను. నేను బడిపంతులును గనుక నాకు తోచిన రీతిని చెప్పెదను. నూఱుగురు పిల్లలను నాలుగు మైళ్లు నడువుడని పంపినచో, అందఱికంటె ముందు చేరువాడు ఏటేట మాఱును. ఒకయేడు గుఱ్ఱమువంటివాడొకడు వచ్చును, ఒకయేడు రాడు. కడపటివాడును అంతే. నడుమ నుండు ఏబదియవవాడు చేరు వేళ మాత్రము ఏటేట దాదాపు ఒక్కటియే. కావున విషమును కొలువవలెనన్న, ప్రాణులలో సరిగా సగమును చంపు మోతాదును కొలువవలెనని ట్రెవాన్ చెప్పెను. నీటిలోని చేపల విషయమున దీనిని ఎల్‌సి 50 అందురు. నేను అర్ధమారక పరిమాణమని పేరు పెట్టుకొంటిని; తమకు రుచించిన పేరు తాము పెట్టుకొనవచ్చును.

1945లో ఫిలడెల్ఫియా నగరమున హార్ట్, డౌడొరాఫ్, గ్రీన్‌బ్యాంక్ అను మువ్వురు, కర్మాగారముల వ్యర్థజలములను చేపలతో పరీక్షించు విధమును ఏకరీతిగా నుండునట్లు వ్రాసిరి. అంతవఱకు ఒకడు పెద్ద చేపలు, ఒకడు చిన్నవి, ఒకడు వేడినీరు, ఒకడు చన్నీరు వాడుటచే ఒకని లెక్క మఱియొకనికి పనికిరాకుండెను. తూనికరాళ్లు ఊరి కొకటియైనచో బేరము సాగునా? 1951లో డౌడొరాఫ్ ఆధ్వర్యమున ఒక సంఘము ఆ పద్ధతిని మఱింత సవరించెను. 1981లో ఓఇసిడి యను పలు రాజ్యముల సంస్థ దానిని 203వ సంఖ్యగల మార్గదర్శిగా స్వీకరించెను. అది పలుమాఱు సవరింపబడి, 2019లో క్రొత్తరూపు దాల్చినది.

పరీక్ష యిట్లు జరుగును. ఒక జాతి చేపలను, ఇంచుమించు ఒకే పరిమాణము గలవానిని, కొన్నాళ్లు మంచినీటిలో నుంచి అలవాటు చేయుదురు. పరీక్షకు ముందు ఒక దినము మేత పెట్టరు. అయిదు తొట్లలో మందును క్రమముగా పెంచుచు కలుపుదురు. ఆఱవ తొట్టిలో మంచినీరు మాత్రమే. ఈ యాఱవ తొట్టియే పరీక్షకు ప్రాణము. అందలి చేపలలో నూటికి పదికి మించి చచ్చినచో పరీక్షయే చెల్లదు, ఏలన తప్పు మందుది కాదు, మఱి దేనిదో. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండ చూతురు. 24, 48, 72, 96 గంటలకు చచ్చినవానిని లెక్కించి తీసివేయుదురు. బోధకై నేను కల్పించిన లెక్క యొకటి వినుడు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న తొట్టిలో పదింట రెండును, 8 మిల్లీగ్రాములున్న తొట్టిలో పదింట ఎనిమిదియు చచ్చినచో, సగము చచ్చు పాళము ఈ రెంటి నడుమ, సుమారు 5.7 మిల్లీగ్రాములకడ నుండును. సరిగా 6 కాదేమని అడుగుదురేమో. మందు కూడికచే గాక గుణకారముచే పెరుగుచున్నది గనుక నడిమి సంఖ్యను గుణకారముచేతనే తీయవలెను.

నాలుగు దినములే యేల? శీఘ్రముగా చంపు విషము చాల వఱకు ఆ లోపలనే తన పని చేయునని శాస్త్రజ్ఞులందురు. సోమవారము మొదలిడిన శుక్రవారమునకు ముగియునను సౌకర్యము కూడ ఇందు కలదని కొందఱందురు. శాస్త్రమునకును సెలవు దినములతో పని యున్నదన్నమాట!

ఈ పరీక్షకు లోకమున ఎక్కువగా వాడు చేపలలో జీబ్రా చేప యొకటి. ఇది మన దేశపు చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని మొదట వర్ణించెను. మన కొఱ్ఱమట్టను, మార్పును వాడినచో సాక్ష్యము చెడును. అవి నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు గనుక, నీటిలో ప్రాణవాయువు లేకున్నను కొంతకాలము బ్రతుకును.

ఇక ఈ లెక్కలతో మనకేమి పని? ఎండ్రిన్ అను పేరు వినని పెద్దలు మన పల్లెలలో అరుదు. మన దేశమున దానిని 1990లో నిషేధించిరి. చేపలలో సగమును నాలుగు దినములలో చంపుటకు లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము ఎండ్రిన్ చాలును. కొన్ని జాతులకు అంతయు అక్కఱలేదు. పావెకరపు కుంటలో మీటరు లోతు నీరున్నచో అది సుమారు పది లక్షల లీటర్లు. అందులో ఒక్క గ్రాము కలిసిన ఆ పాళమగును. 1963 చివర అమెరికాలోని మిసిసిపీ నది దిగువభాగమున సుమారు 50 లక్షల చేపలు చచ్చినపుడు, కారణము ఎండ్రినని ప్రభుత్వ పరిశోధకులు తేల్చిరి. చేపలకడ మొదలిడి విషము వఱకు పోయిన విచారణలలో అది ప్రసిద్ధమైనది.

మందు డబ్బాలపై నుండు రంగుల త్రికోణమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఎఱుపు మిక్కిలి విషము, పసుపు దాని తరువాతిది, నీలము, ఆకుపచ్చ ఇంకను తక్కువ యని మనకు చెప్పుదురు. అది నిజమే. అయితే ఆ రంగులు ఎలుకల వంటి భూచరముల లెక్కతో నిర్ణయించినవి, చేపల లెక్కతో గాదు. సైపర్‌మెత్రిన్ వంటి మందులు మనుష్యునికి ఎండ్రినంత భయంకరములు గాకున్నను, చేపలకు లీటరుకు కొలది మైక్రోగ్రాములే మృత్యువు. కావున త్రికోణము రంగు జూచి, ఇది మెత్తని మందేగదా యని చెఱువులో డబ్బా కడుగరాదు. ఈ సంగతి డబ్బాపై చిన్న యక్షరములలో నుండును. వ్యవసాయము చేయువారిలో దానిని చదివినవారిని నేను ఇద్దఱినే చూచితిని.

మన ప్రభుత్వ నియమములలోను చేప సాక్ష్యమునకు చోటు కలదు. 1986 నాటి పర్యావరణ రక్షణ నియమములకు తరువాత చేర్చిన పట్టిక ప్రకారము, కర్మాగారము విడుచు నీటిలో, వేఱు నీరు కలుపకయే, 96 గంటల పిమ్మట నూటికి 90 చేపలు బ్రతికియుండవలెను.

ఈ పరీక్ష సర్వమును చెప్పునని తలపరాదు. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన రోగము పాదరసము చేరిన చేపలను తినుటచే కలిగినది. అచ్చట జనులు తినినవి ఈదుచున్న చేపలే. నాలుగు దినముల పరీక్ష మెల్లగా పేరుకొను విషమును పట్టజాలదు. దానికి నెలల తరబడి సాగు వేఱు పరీక్షలు కలవు. మఱియు చేపలను చంపి తెలిసికొనుట పలువురకు కష్టముగా తోచి, 2013లో చేప గ్రుడ్లలోని పిండములతోను, 2021లో మొప్పల కణములతోను పరీక్షించు మార్గదర్శులు వెలువడినవి. జీవకారుణ్యము గలవారు దీనికి సంతసింతురు, నేనును సంతసించితిని.

ఇక మా చెఱువు మాట. ఆ యుదయమున రెండు శుభ్రమైన గాజుసీసాలలో నీరు పట్టి, చల్లగా నుంచి, చచ్చీచావని చేపలు రెండింటిని మంచుగడ్డలో పెట్టి ప్రయోగశాలకు పంపియుండినచో, విషము కలదో లేదో తెలిసియుండెడిది. ఆ నీటిని ఒక తొట్టిలో పోసి, గాలి బాగుగా కొట్టుచు, ప్రక్కన బావినీటి తొట్టి యొకటి పెట్టి, రెంటను చేపలు విడిచియుండినచో, ఊరివారే కొంత తెలిసికొనియుందురు. గాలి కొట్టినను చెఱువు నీటి చేపలే చచ్చినచో విషమును అనుమానింపవలెను. రెంటను బ్రతికినచో ఆ వృద్ధుని మాటయే నిజమునకు దగ్గఱ. మాలో ఒక్కరును సీసా యెత్తలేదు. సాయంకాలమునకు చేపలను గోతిలో పూడ్చిరి.

నాకు జ్ఞాపకమున్నంతవఱకు తేలినవి పెద్ద చేపలే. తెల్లవాఱకముందే చచ్చినవి. కొఱ్ఱమట్ట ఒక్కటియు తేలినట్లు గుర్తు లేదు. ఇవి ప్రాణవాయువు కొఱతకు గుఱుతులే గాని మందుకు గావు. అయినను ఇది నలువదేండ్ల నాటి జ్ఞాపకము, సాక్ష్యము గాదు. ఆ రైతు కాలము చేసెను. రెండేండ్ల క్రిందట అతని కుమారుడు సంతలో కనబడగా ఈ సంగతి యంతయు చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, “నాయన ఉండగా చెప్పవలసినది, పంతులుగారూ” అనెను.