రాయి మీద పేరు

చిత్తూరు పడమటి మండలాల్లో చెరువు కట్ట మీదో, పొలం గట్టునో, గుడి వెనకో పాత బండ ఒకటి నిలబడి ఉంటుంది. దాని మీద కత్తి ఎత్తిన మనిషి, కొన్నిచోట్ల కింద అరిగిన అక్షరాలు. ఊరివాళ్లు పసుపు పూసి, కుంకుమ పెట్టి మొక్కుతారు. అది వీరగల్లు. ఊరి కోసమో రాజు కోసమో పోరాడి ప్రాణం విడిచినవాడికి నిలిపిన రాయి. కుప్పం, శాంతిపురం వైపు తమిళ, కన్నడ సీమలు రెండూ దగ్గరే కాబట్టి ఈ ఆచారం మూడు భాషల వాళ్లదీ.

మదనపల్లె, పుంగనూరు చుట్టూ ఉన్న నేల బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలు సరిహద్దుల కోసం శతాబ్దాల పాటు కొట్లాడుకున్నది. 9వ శతాబ్దంలో సోరెమతి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. వైదుంబ రాజు గండత్రినేత్రుడి పక్షాన పోరాడి పడిపోయిన భటులను ఈ ప్రాంతపు శాసనాలు తలుస్తాయి. ఆ రాళ్లలో నన్ను ఆకట్టుకునేది రాజు బిరుదుల వరస కాదు. ఫలానావాడు, ఫలానాచోట, ఫలానావాళ్లతో పోరాడి పడ్డాడు అని సాదా సైనికుడి గురించి చెప్పిన ఆ ఒక్క వాక్యం. ఆలమందలను తోలుకుపోతుంటే అడ్డం వెళ్లి చచ్చిపోయినవాడికీ ఇదే మర్యాద దక్కింది. చాలా రాళ్ల మీద శిల్పం మూడు అంతస్తులుగా ఉంటుంది: కింద పోరు, మధ్యలో వీరుణ్ణి పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు అతను. కొన్నిటిలో వీరుడి కుటుంబానికి భూమి ఇచ్చిన సంగతి కూడా చెక్కారు. కన్నడంలో దాన్ని నెత్తరుకొడగె అన్నారు. అంటే ఆనాడే పేరు, కథ, ఇంటివాళ్ల తిండి, ఈ మూడూ కలిసి గౌరవమయ్యాయి.

సైనికుడు సముద్రం దాటాక ఇదంతా చెదిరిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో భారత సైన్యం నుంచి 10 లక్షలకు పైగా మంది విదేశాలకు వెళ్లారు. దాదాపు 74 వేలమంది తిరిగి రాలేదు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లలో (సైనిక ఇంజనీర్ల దళంలో) తెలుగువాళ్లూ ఉండేవారు. ఆ దళాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. పశ్చిమగోదావరిలోని మాధవరం నుంచి ఆ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచయుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని చెబుతారు. అందుకే అది మిలిటరీ మాధవరం అయింది.

అప్పట్లో శవాన్ని ఇంటికి పంపేవారు కాదు. ఇంగ్లండులోని బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను పట్నం పైన కొండ మీద దహనం చేశారు. 1921లో అక్కడ ఛత్రి అనే స్మారకం కట్టారు. 1917లో ఏర్పడిన బ్రిటిష్ సామ్రాజ్యపు యుద్ధ సమాధుల సంస్థ, హోదా ఏదైనా అందరికీ ఒకే మర్యాద అనే సూత్రం పెట్టుకుంది. ఆ సూత్రం ఇరాక్‌లోని బస్రాలో ఆగిపోయింది. 1929లో ఆవిష్కరించిన అక్కడి స్మారకం 40 వేలకు పైగా మందికి గుర్తు. గోడ మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారతీయ అధికారుల పేర్లున్నాయి. సాదా భారతీయ సిపాయి మాత్రం తన రెజిమెంటు పేరు కింద ఒక అంకె అయ్యాడు. వెయ్యేళ్ల కిందట పల్లెటూరి శిల్పి పోగొట్టకుండా చెక్కిన పేరును సామ్రాజ్యం ఎందుకు చెక్కలేకపోయింది? జాగా చాలక కాదు. చెక్కాలని అనుకోలేదు. 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థే విచారణ నివేదిక వెలువరించి క్షమాపణ చెప్పింది.

స్వతంత్ర భారతంలోనూ మార్పు నెమ్మదిగానే వచ్చింది. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో మన శాంతిసేన వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. వాళ్లకు కొలంబో పక్కన స్మారకం 2008కి గానీ రాలేదు. 1999లో కార్గిల్ సమయానికి వీరుల పార్థివదేహాలను సొంతూళ్లకు పంపడం మొదలైంది. జాతీయ పతాకం కప్పిన పేటికను అప్పుడే మన పల్లెలు కళ్లారా చూశాయి. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడలపై 25 వేలకు పైగా పేర్లున్నాయి. శ్రీలంకలో పడినవారివీ అందులోనే ఉన్నాయి.

మదనపల్లె పక్కన కురబలకోట మండలంలోని ఎగువరేగడపల్లె, దేహాన్ని సొంతూరికి చేర్చే ఈ మర్యాదను దగ్గర్నుంచి చూసింది. 2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర అప్పటి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ కూలినప్పుడు ఆయన భద్రతా సిబ్బందిలో ఉన్న లాన్స్ నాయక్ సాయితేజ కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆయన విదేశంలో కాదు, పక్క రాష్ట్రంలోనే విధుల్లో ఉన్నారు. డీఎన్ఏ పరీక్షతో దేహాన్ని గుర్తించాక డిసెంబరు 12న సొంతూరికి తెచ్చి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. దారి పొడవునా జనం పూలతో నిలబడ్డారు.

బస్రాలో అంకెలుగా మిగిలినవారి పేర్లను పాత పట్టీల నుంచి వెతికే పనిని యుద్ధ సమాధుల సంస్థ చేపట్టింది. ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. మన కళాశాలల చరిత్ర విద్యార్థులు ఊరి పేరు పట్టుకుని ఆ పట్టీలు వెతకాలి. దొరికిన ప్రతి పేరునూ ఆ మనిషి సొంత మండలకేంద్రంలోనే, తెలుగులో, రాయి మీద చెక్కించాలి. పొలాల్లో ఒరిగిపోతున్న వీరగల్లులను కూడా ఆ పనిలోనే నిలబెట్టి, అక్షరాలు పూర్తిగా అరిగిపోకముందే చదివించుకోవాలి.