గాజుపెట్టెలో అడవి తేమ

లండన్ తూర్పు పేటలో వైద్యం చేసుకునే నథానియల్ బాగ్‌షా వార్డ్ 1829లో ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టిలో పూడ్చి, వెడల్పు మూతి గాజుసీసాలో పెట్టి మూత బిగించాడు. రెక్కలొచ్చిన చిమ్మటను చూడాలన్నది ఆయన కోరిక. ఈలోగా ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క, కాస్త గడ్డి మొలిచాయి. ఊరి పొగకు ఆయన పెరట్లో ఫెర్నులు బతికేవి కావు. సీసాలో మాత్రం పగటి వేడికి మట్టిలోని తడి ఆవిరై లేచి, గాజుకు చెమ్మగా పట్టి, మళ్లీ మట్టిలోకే దిగుతోంది. ఎవరూ పట్టించుకోకుండానే ఆ మొక్కలు దాదాపు నాలుగేళ్లు బతికాయి. ఆయన ఊళ్లో లేని రోజుల్లో మూత తుప్పుపట్టి, వాననీరు లోపల చేరి అవి కుళ్లిపోయాయి. వార్డ్ గురించి రాసేవాళ్లు ఈ చివరి సంగతిని తరచూ వదిలేస్తారు. తేమ కావాలి కానీ నీరు నిలవకూడదు: అడవి తేలుకు గాజుపెట్టె అమర్చేవారు మొట్టమొదట తెలుసుకోవలసింది అదేనని నా నమ్మకం.

వార్డ్ పెట్టెలు 1833లో ఓడెక్కి సిడ్నీ చేరాయి. మొక్కలు పచ్చగానే దిగాయి. 1842లో వాటి మీద ఆయన పుస్తకం వచ్చింది. మరి కొన్నేళ్లకు రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను హిమాలయ తోటలకు తరలించింది కూడా ఈ పెట్టెల్లోనే. మొక్కల పెట్టెలోకి జంతువులు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. లండన్ జూలో 1849లో సరీసృపాలకు, 1881లో కీటకాలకు ప్రత్యేక భవనాలు వెలిశాయి.

తేళ్ల సంగతికొస్తే, మొదట్లో వాటిని పెట్టెలో ఉంచి చూసినవారు శాస్త్రవేత్తలే. బ్రిటిష్ ఇండియా తేళ్లనూ సాలీళ్లనూ 1900లో ఒక సంపుటంలో వర్ణించిన ఆర్.ఐ. పోకాక్, అంతకుముందే 1893లో బతికున్న తేళ్ల నడవడి మీద వ్యాసం రాశాడు. ఫ్రాన్స్‌లోని సెరిన్యాన్‌లో జాన్ హెన్రీ ఫాబ్ర్ తన తోటలోనే తేళ్లకు గాజు ఆవరణ కట్టించి, రాత్రిపూట లాంతరు వెలుగులో వాటి జతకట్టే నడకను చూశాడు. ఆయన చూసినవి ఎండ కాచే రాతి నేలల్లో బతికే తేళ్లు. తేలంటే ఇసుక, రాయి, ఎండ అన్న భావన చాలాకాలం జనంలో ఉండిపోయింది.

ఆ భావన వల్ల నష్టపోయినవి అడవి తేళ్లు. పశ్చిమాఫ్రికా ఎంపరర్ తేలు 1841 నుంచే శాస్త్రానికి తెలుసు. పెద్ద దేహం, నల్లని మెరుపు, నెమ్మది స్వభావం వల్ల పెంపకందారులకు దాని మీద మోజు పెరిగింది. ఘనా, టోగోల నుంచి వేలల్లో ఎగుమతయ్యింది. చాలామంది దాన్ని ఇసుక పోసిన అక్వేరియంలో వేసి, నీళ్ల గిన్నెలో తడి స్పాంజి పెట్టేవారు. స్పాంజి కంపు కొట్టేది, ఇసుక ఎండిపోయేది, తేలు కుబుసం విడవలేక చచ్చిపోయేది. అడవుల్లో పట్టుబడి తగ్గిపోకుండా 1995లో ఈ జాతిని అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేర్చి, ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి చేశారు.

నా లెక్కలో అసలు మలుపు మట్టి దగ్గర వచ్చింది. కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టును ఒకప్పుడు చెత్తగా కుప్పలు పోసేవారు. కోనసీమ వాళ్లకు ఆ కుప్పలు కొత్తేం కాదు. అదే పొట్టు కోకోపీట్ ఇటుకలై తోటలకూ, అక్కణ్నుంచి జీవులను పెంచే వివేరియం పెట్టెలకూ చేరింది. అడవి తేలు బొరియలో బతికే జీవి. అందుకే కోకోపీట్‌ను నాలుగైదు అంగుళాల మందాన పరవాలి. గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. అడుగుపొర తడిగా, పైపొర కాస్త ఆరినట్టుగా ఉండాలి. తేలు ఊపిరి పీల్చే నాలుగు జతల రంధ్రాలు పొట్ట అడుగున ఉంటాయి. బురదలో పడుకోబెడితే బూజుతో జబ్బుపడుతుంది. గాలిలో తేమ 70–80 శాతం, వేడి 24–28 డిగ్రీలు చాలు. హీట్ మ్యాట్‌ను కింద పెట్టకూడదు, పక్క గోడకు అంటించాలి. వేడి ఎక్కువైతే తేలు చల్లదనం కోసం కిందికే తవ్వుతుంది మరి. ఒక బెరడు ముక్క, లోతు లేని నీటి గిన్నె, గాలి ఆడే మూత ఉండాలి. డార్ట్ కప్పల పెంపకందారుల నుంచి నేర్చుకుని స్ప్రింగ్‌టెయిల్స్ అనే సన్నని పురుగులను కూడా ఇప్పుడు వదులుతున్నారు. బూజును అవే తినేస్తాయి. రోజుకు రెండుసార్లు స్ప్రే కొట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. తేమ మట్టిలో ఉంటే చాలు, గాజు మీద అక్కర్లేదు.

మన నేలల్లోని పెద్ద మండ్రగబ్బ కూడా ఎంపరర్ తేలు కుటుంబానిదే. అలాగని దాన్ని పుట్ట తవ్వి పట్టుకొచ్చి పెట్టెలో వేయకండి. విదేశీ తేలు కొంటే పెంపకంలో పుట్టినదో కాదో, కాగితాలు ఉన్నాయో లేవో అడగండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటిస్ జాబితా జీవులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. వాటిని పెంచేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి.