ఇటుకలు వాళ్లవి, డబ్బు మనది

1961లో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం చేతులు మారింది. కొనుగోలు వెనక ఉన్నది ఒక కుబేరుడు కాదు. లారెన్స్ వీన్ అనే లాయరు వాటా 10,000 డాలర్ల చొప్పున 3,300 వాటాలు అమ్మి 3.3 కోట్ల డాలర్లు పోగుచేశాడు. నేల అప్పటికే ప్రూడెన్షియల్ బీమా కంపెనీది. భవనాన్నీ అదే కొని వీన్ బృందానికి దీర్ఘకాలిక లీజుకిచ్చింది. నడిపే బాధ్యత సబ్‌లీజు మీద హ్యారీ హెల్మ్‌స్లీ బృందానికి వెళ్లింది. వాటాదారు లిఫ్టు చెడిందని పరుగెత్తనక్కర్లేదు, ఖాళీ ఆఫీసుకు అద్దెదారును వెతకనక్కర్లేదు. వాటాకు ఏడాదికి 1,178 డాలర్లు, లాభాలు బాగుంటే ఆపైన మరికొంత అందేది. పాసివ్ పెట్టుబడికి ఇంతకన్నా స్పష్టమైన నమూనా నాకు కనిపించలేదు.

ఈ ఏర్పాటుకు చట్టపు హద్దు అంతకుముందే పడింది. ఫ్లోరిడాలో నారింజ తోటల్ని ముక్కలుగా అమ్మి, సాగు తామే చేసిపెడతామన్న హోవీ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1946లో తీర్పిచ్చింది. ఇతరుల శ్రమ మీద లాభం ఆశించి డబ్బు పెడితే, అమ్మింది తోట అయినా అది షేర్లలాగే చట్టపు నియంత్రణకు లోబడే సెక్యూరిటీయే అంది. ఇలా పలువురి డబ్బు పోగేసి ఆస్తి కొనే పద్ధతి సిండికేషన్. దాన్ని నడిపే స్పాన్సర్ ఇవాళ మదుపరి చేతిలో వందపేజీల పత్రం పెడుతున్నాడంటే దాని మూలం అక్కడే.

అమెరికా 1981 పన్ను చట్టం భవనాల తరుగుదలను 15 ఏళ్లలోనే చూపుకోనిచ్చింది. దాంతో అద్దె పక్కకు పోయి, కాగితం మీది నష్టమే సరుకైంది. డాక్టర్లు, లాయర్లు పన్ను తగ్గించుకోవడానికే వాటాలు కొన్నారు. 1986లో ఆ నష్టాలను జీతంలోంచి మినహాయించుకోకుండా కాంగ్రెస్ అడ్డుకట్ట వేసింది. అద్దెల బలం లేని భవనాల మీది పెట్టుబడులు వరుసగా కూలాయి.

2012 జాబ్స్ చట్టం, మరుసటేడు వచ్చిన నిబంధనలతో ఇలాంటి వాటాల బహిరంగ ప్రచారానికి తలుపు తెరుచుకుంది. అలా ప్రచారం చేసే స్పాన్సర్ మాత్రం ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయమో, సొంతిల్లు కాక 10 లక్షల నికర ఆస్తో వంటి అర్హత ఉన్నవాళ్ల దగ్గరే డబ్బు తీసుకోవాలి. డాలస్, హ్యూస్టన్‌లలోని మన ఐటీవాళ్లలో చాలామందికి ఈ అర్హత ఉంది. టెక్సస్ అపార్ట్‌మెంట్లలో వాళ్ల పొదుపూ చేరింది. ఈసారి ఎర, అద్దెలు పెంచి మూడు నాలుగేళ్లలో అమ్మేస్తామన్న మాట. కొన్నది మాత్రం ఎక్కువచోట్ల మార్కెట్‌తో పాటు వడ్డీ మారే ఫ్లోటింగ్ రేటు అప్పుతో. 2022 మార్చి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ రేట్లు సున్నా దగ్గర్నుంచి 5 శాతం దాటాయి. అపార్ట్‌మెంట్లు నిండుగా ఉన్నా వడ్డీ అద్దెను మింగేసింది. నెలనెలా వచ్చే చెక్కులు ఆగాయి, ఇంకా డబ్బు తెమ్మంటూ క్యాపిటల్ కాల్స్ వచ్చాయి. 2023లో ఒక్క హ్యూస్టన్‌లోనే ఒకే స్పాన్సర్ చేతిలోంచి 3,200కు పైగా ఇళ్లు జప్తులో పోయాయి.

అందుకే కొత్తగా దిగేవాళ్లు లాభాల అంచనా పట్టిక కన్నా ముందు అప్పు పేజీ తెరవాలంటాను. రేటు స్థిరమా, గడువెప్పుడు, వడ్డీకి పరిమితి పెట్టే క్యాప్ ఎప్పటిదాకా? ఆ తర్వాత ఓటు హక్కుల పేజీ. ఎంపైర్ స్టేట్ భవనాన్నే 2013లో స్టాక్ మార్కెట్ కంపెనీలో కలిపినప్పుడు, 80 శాతం సమ్మతి వస్తే ఒప్పుకోనివాళ్ల 10,000 డాలర్ల వాటాను 100 డాలర్లకే కొనేయవచ్చన్న షరతు పాత ఒప్పందంలోంచి బయటపడింది. కొందరు కోర్టుకెక్కారు. ఆ వాక్యం మాత్రం మొదటినుంచీ కాగితాల్లోనే ఉంది.